అన్నయ్య కల్లం మీద నేను రాసిన అర్జీ

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మేడ మీద ఎవరూ మిరపకాయలూ వడియాలూ ఎండబెట్టకూడదని నోటీసు పెడుతున్నారట, నా దస్తూరీ బాగుంటుంది కాబట్టి నేనే రాసిపెట్టాలట. చెయ్యి వణుకుతోంది నాయనా, నావల్ల కాదని చెప్పి పంపించేశాను. నిజానికి నా చెయ్యి వణకదు. అలాంటి కాగితం ఒకటి ఇదివరకే రాశాను, ఈ జన్మకి ఆ ఒక్కటీ చాలు.

ఇవాళ గుంటూరు నగరంలో ఒక డివిజను నంబరుగా మిగిలిన మా ఊరు నా చిన్నతనంలో నిజంగా ఊరే. మాఘమాసం వచ్చిందంటే ఊరికి ఉత్తరాన ఉన్న ఖాళీ జాగాలో ఇంటికో మిరప కల్లం పడేది. కోసుకొచ్చిన కాయని నేల కనపడకుండా పరిచి, పూటపూటకీ పాదాలతో తిరగేస్తూ, పొద్దు వాలేసరికి కుప్పచేసి పట్టాలు కప్పి, తెల్లారి మంచు విడిచాక మళ్లీ పరుస్తూ, పన్నెండు పదమూడు రోజులు పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటే గాని చేతిలో కాయ గలగలమనదు. ఆ కాలం ఎరిగినవాళ్లకి ఇదంతా చెప్పనక్కరలేదనుకోండి. ఊరంతా ఘాటే, అయినా మాలో దగ్గేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. వరి ఊళ్ల నుంచి కాపురానికొచ్చిన పిల్లలు మాత్రం మొదటి వారమంతా తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రజేసుకునేవారు. వినపడే తుమ్ముల్ని బట్టి ఎవరింట్లో కొత్త కోడలు దిగిందో మా అమ్మ వంటింట్లోంచే చెప్పేది.

నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అన్నయ్యకి పదిహేడు. తను రెండో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేశాడు గాని, నన్ను మాత్రం కల్లంలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. "ఒరేయ్, కారం చేతులతో కళ్లు నులుముకుంటే ఇంక అచ్చరాలేం కనపడతాయిరా, పో అవతలికి" అని తరిమేవాడు. అలా తరిమి తరిమి నన్ను టీచర్ ట్రైనింగు దాకా చదివించాడు. ఎవరికి ఉత్తరం రాయాలన్నా, ఏ ఆఫీసులో కాగితం పెట్టాలన్నా నాచేతే రాయించి, చదవలేకపోయినా ఆ కాగితాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయేవాడు. నేను హెడ్మాస్టరునయ్యాక కూడా, నా శిష్యులు పక్కన ఉన్నా సరే, నడిబజార్లో ఒరేయ్ అని కేకేసేవాడు. అప్పుడు నాకు కాస్త నామోషీగా ఉండేది.

ఊరు నగరంలో కలుస్తుందంటే అందరికంటే ముందు సంబరపడింది నేనే. కొళాయిలొస్తాయి, సిమెంటు రోడ్లొస్తాయి అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అవన్నీ వచ్చాయి కూడా. రిటైరయ్యాక నా వాటా పొలం బిల్డరుకిచ్చి అందులోనే మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాను. అన్నయ్య తన వాటా ఇవ్వలేదు, మిరప మానలేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, తోటివాళ్లు ఒక్కొక్కరే సేద్యం వదిలేశారు, చివరికి మా కిటికీ కింద అన్నయ్య కల్లం ఒక్కటే మిగిలింది.

ఆ ఏడు మా అపార్ట్‌మెంటులో మీటింగు పెట్టారు. కల్లం ఘాటుకి పిల్లలు దగ్గుతున్నారు, ఏదో ఒకటి చెయ్యాలి, మునిసిపల్ కమిషనరు గారికి అర్జీ పెడదాం అన్నారు. అందరూ వేరే చోట్ల నుంచి వచ్చి ఫ్లాట్లు కొనుక్కున్న ఉద్యోగస్థులు, మంచివాళ్లే. ఆ కల్లంలో పంచె ఎగ్గట్టుకుని కాయ తిరగేస్తున్న ముసలాయన నా తోడబుట్టినవాడని వాళ్లకి తెలియదు. ఎలా తెలుస్తుంది, నేను చెబితే కదా. ఆ రోజైనా చెప్పాల్సింది. మాస్టారు రాస్తే ఆ పద్ధతే వేరని ఎవరో అనగానే కాగితం అందుకుని, వ్యాకరణం ఎక్కడా తప్పకుండా అర్జీ రాసిపెట్టాను. ముప్పై ఏళ్ల సర్కారు కొలువులో, పెట్టిన నెలలోపల కదిలిన అర్జీని నేను చూడలేదు. ఇది కదిలేసరికి కాయ ఎండి బస్తాల్లోకి ఎక్కేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాలుగో రోజుకే మునిసిపల్ ఆఫీసు మనుషులు వచ్చారు. రెండు రోజుల్లో కల్లం ఎత్తేయమన్నారు. కాయ పోసి అప్పటికి ఆరు రోజులే అయింది. పొలంలోకి మారుద్దామంటే రెండో కోతకి తడిపెట్టిన చేను. గతిలేక సగం ఎండిన కాయనే బస్తాల్లో తొక్కించి, చిలకలూరిపేట అవతల వదిన పుట్టింటివాళ్ల కల్లం ఖాళీ అయ్యేదాకా ఇంటి వరండాలో పేర్చారు. లారీ ఎక్కిద్దామని అయిదో రోజున ఒక బస్తా విప్పి చూస్తే లోపల కాయ ఉడికిపోయి, తెల్లగా బూజు పట్టి ఉంది. అన్నీ అంతే.

సంగతి తెలిసి పరిగెత్తాను. వదిన బస్తాల మధ్య కూలబడి ఏడుస్తోంది. అన్నయ్య నన్ను చూసి లేచి, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"రండి మాస్టారు గారూ, కూర్చోండి."

వదిన ఏడుపు ఆపి ఆయన వంక చూసింది. నేను నిలువునా చచ్చిపోయాను.

"వచ్చినాయన మీ కాగితం చూపించాడండీ," అన్నాడు. "నాకు చదవటం రాదు గానీ, మీ రాత తెలవదా అండీ నాకు."

కోపం లేదు, దెప్పడం లేదు. కాళ్లు పట్టుకోబోతే పెద్దమనుషులు తమరు అలా చెయ్యకూడదని పక్కకి జరిగాడు. మరుసటేడే పొలం అమ్మేశాడు. ఆ తరవాత నాలుగేళ్లు బతికాడు. పండక్కి పిలిస్తే వచ్చేవాడు, పెట్టింది తినేవాడు, నా మనవల్ని ఎత్తుకునేవాడు, నన్ను మాత్రం మీరనీ, అండీ అనీ తప్ప పిలవలేదు. ఆఖరు రోజుల్లో ఆసుపత్రిలో జావ పట్టిస్తూ, ఒక్కసారి నన్ను తిట్టు అన్నయ్యా అని బతిమాలాను. "మిమ్మల్ని తిట్టేంతటోణ్ణా అండీ" అని గోడ వైపు తిరిగాడు.

ఆ కల్లం చోట ఇప్పుడు పార్కు ఉంది. సాయంత్రాలు మా ఈడువాళ్లం అక్కడ బెంచీల మీద చేరినప్పుడు, మన ఊరు మనకి కాకుండా పోయిందని ఒకరు మొదలుపెడతారు, తలా ఒక మాట అని నిట్టూరుస్తారు. అందరితోపాటు నేనూ తల ఊపుతాను. పోగొట్టినవాళ్లలో నేనూ ఉన్నానని వాళ్లకి ఇప్పటిదాకా చెప్పలేదు. అన్నయ్య బతికుండగా ఆయనకీ నా నోటితో చెప్పుకోలేకపోయాను.