మిగిలాయని రాసిన పన్నెండు బస్తాలు

1969 ఏప్రిల్‌లో నన్ను చిక్కడపల్లి సర్కిల్‌కు రేషనింగ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. చౌకధరల దుకాణాల్లో ఉన్న సరుకునూ రిజిస్టరునూ సరిచూడటం నా పని.

చిక్కడపల్లి సందులో యాదగిరి దుకాణానికి నాలుగు వందల కార్డులు. కార్డుకు నెలకు పది కిలోల బియ్యం, అంటే క్వింటాలు బస్తాలు నలభై. జూన్‌లో తెలంగాణ ఉద్యమం రోజుల కర్ఫ్యూ వల్ల చాలామంది రాలేకపోయారు. నెలాఖరుకు పన్నెండు బస్తాలు మిగిలాయి. "ఏం రాయమంటరు మేడమ్?" అని యాదగిరి అడిగాడు. ఉన్నదే రాయమన్నాను. రాశాడు.

నారాయణగూడ దుకాణానికీ కార్డులు నాలుగు వందలే, అక్కడా అదే కర్ఫ్యూ. కానీ గోదాము ఖాళీ. రిజిస్టరులో కర్ఫ్యూ రోజుల్లో పడిన వేలిముద్రలన్నీ ఒకే వేలివి. ఆ బియ్యం హోటళ్లకు చేరిందని వీధి మొత్తానికి తెలుసు. రిపోర్టు రాశాను. కార్డుదారుల ఫిర్యాదు లేదని ఫైలు మూసేశారు.

జూలైలో నారాయణగూడకు నలభై బస్తాలు వచ్చాయి, యాదగిరికి పదహారు. పోయిన నెల అమ్మకమే ఈ నెల అవసరమన్నది మా శాఖ పద్ధతి. అతను అమ్మినవి ఇరవై ఎనిమిది. అందులోంచి మిగిలిన పన్నెండు కోసేశారు. పాతవీ కొత్తవీ కలిపి ఇరవై ఎనిమిదే. నూట ఇరవై కార్డులకు గింజ లేదు.

ఇరవయ్యో తేదీన నేను వెళ్లేసరికి అశోక్‌నగర్‌లో ఇస్త్రీ పని చేసే నర్సమ్మ ఖాళీ సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"కర్ఫ్యూల బయటికొస్తే లాఠీలు, ఇప్పుడొస్తే బియ్యం లెవ్వు. పోయిన నెల తినలేదని ఈ నెల ఆకలి గాదా అమ్మా?"

"నన్నేమనకు అక్కా," అన్నాడు యాదగిరి. "నిజం రాయమన్నది ఈ మేడమే. జర ఆమెనే అడుగు."

నేను ఆఫీసుకు వెళ్లి పాత కోటా ఇమ్మని నోట్ పెట్టాను. అమ్మకం పెరిగినట్టు చూపిస్తే పెంచుతామన్నారు మా అధికారి.

"ఇవ్వని బియ్యం ఎలా అమ్ముతాడండీ?" అన్నాను.

"రూల్ మీకు తెలియనిదా అమ్మా?" అని ఫైలు తిప్పి పంపారు.

ఆగస్టులో పరిష్కారం దొరికింది. బియ్యం అందని నూట ఇరవై కార్డులనూ, నర్సమ్మ కార్డుతో సహా, నారాయణగూడ దుకాణానికి మార్చారు. ఆ డీలరు కోటా యాభై రెండు బస్తాలైంది. యాదగిరిది ఇరవై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. మార్పు ఉత్తర్వు అమలు చేసినట్టు సంతకం పెట్టింది నేనే.

దొంగ డీలర్లే రేషన్ ఏర్పాటును చెడగొట్టారని ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. పేదలకు చౌకగా బియ్యం ఇవ్వడంతో నాకు పేచీ లేదు. ఏ వీధికి ఎంత కావాలో ఆఫీసులో కూర్చుని తేల్చే ప్రభుత్వానికి కింది నుంచి నిజం రావాలి. మేము నిజం రాసినవాడికి కోత వేశాం, అబద్ధం రాసినవాడికి కోటా పెంచాం. మిగతా డీలర్లు అది చూశారు.

ఆ సెప్టెంబరు నుంచి నేను బదిలీ అయ్యేవరకు నా సర్కిల్‌లో ఏ దుకాణంలోనూ ఒక్క బస్తా మిగల్లేదు, రిజిస్టర్ల ప్రకారం.