కాగితంలో లేని ముగింపు

ఆశాజ్యోతి కథలు రాయడానికి నా పాత వారపత్రికలే కారణం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి ఈ నాలుగు ముక్కలు నేనే రాయాలి.

ఆమె తల్లి గంగాలమ్మతో కలిసి కూర్మన్నపాలెం జంక్షన్లో ఎండుచేపలు అమ్ముతుంది. ఇద్దరూ పొద్దున్నే జాలరిపేట నుంచి బస్సులో వస్తారు. పొట్లాలు కట్టుకోవడానికి పత్రికలు నేనిచ్చేవాణ్ణి. రిటైరైన తెలుగు మాస్టారి ఇంట్లో వాటికి కొదవా! బేరాలు లేనప్పుడు ఆశ వాటిలోని కథలు తల్లికి చదివి వినిపించేది. గంగాలమ్మకు చదువు రాదు, కథ వినడమంటే మాత్రం ప్రాణం. తీరా చూస్తే చివరి పేజీ అప్పటికే ఏ నెత్తళ్ళ చేపల పొట్లంగానో వెళ్ళిపోయి ఉండేది.

“తరవాతేటైందే?” అని తల్లి వదిలేది కాదు. ఆశ తలెత్తి, రోడ్డు మీది బస్సుల్ని చూస్తూ మిగతాది అల్లి చెప్పేది. అచ్చైన ముగింపు కంటే అదే బాగుండేదని ఒట్టేసి చెప్పగలను. అలా అల్లి అల్లి ముప్పయ్యో ఏట నోటుపుస్తకం కొనుక్కుంది. పత్రికలకు పంపిన ప్రతి కథా తిరిగొచ్చేది. “రాస్తూనే ఉండు” అని నేను ఉచిత సలహా పారేసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట గాలివానలో ఆమె తమ్ముడు సింహాద్రి వేటకెళ్ళిన పడవ తిరగబడింది. పడవ దొరికింది, వాడు దొరకలేదు. శవాన్ని కళ్ళారా చూడలేదు కదా అని గంగాలమ్మ వాడికి దినవారాలు చెయ్యనివ్వలేదు. కూర వండిన ప్రతిసారీ చేప తలకాయ తీసి వాడి కంచంలో పెట్టేది.

ఆశ ఆ కథే రాసింది. అందులో తమ్ముడు తిరిగొస్తాడు. చదివితే నాకు ఏడుపొచ్చింది. కానీ నాలోని పంతులు ఊరుకోడే!

“ముగింపు అబద్ధంలా ఉందమ్మా. వాడు రాడని నీకూ తెలుసు. అదే రాయి,” అన్నాను.

“అమ్మ ఇది ఇంటే సచ్చిపోద్ది మేష్టారూ.”

“మీ అమ్మకు చదువు రాదుగా!”

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆశ ముగింపు మార్చింది. కథ అచ్చయింది. పత్రిక పట్టుకుని జంక్షన్‌కి నేనే పరుగెత్తాను. గంగాలమ్మ చేతులు చీరకు తుడుచుకుని నేను చూపించిన కూతురి పేరును తడిమింది. “సదువే,” అంది.

ఆశ చదివింది. చివరి పేరా దగ్గరకొచ్చేసరికి తలెత్తి, బస్సుల్ని చూస్తూ తమ్ముణ్ణి ఒడ్డుకు చేర్చేసింది. అమ్మ చేత అన్నం కూడా పెట్టించింది.

“బాగుందే,” అంది గంగాలమ్మ. పేజీ మీద వేలు పెట్టి, “కాయితంలో ఏటుందో అది సెప్పు,” అంది.

ఆశ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

“సినిగిపోయిన కాయితాలకే నువ్వలాగ బస్సుల ఏపు సూత్తావు. ఇది సినగలేదు కదే.”

ఆశ ఏడుస్తూ ఉన్నది ఉన్నట్టు చదివింది. గంగాలమ్మ ఏడవలేదు. ఆ పేజీని మడిచి రొంటిన దోపుకుంది. ఇంటికెళ్ళి సింహాద్రి కంచం కడిగి బోర్లించిందట.

ఆశ ఇప్పుడు నా పత్రికలు తీసుకోదు, పొట్లాలకు ప్లాస్టిక్ కవర్లు తెచ్చుకుంటోంది. కథలూ రాయడం లేదు. బేరాలు లేనప్పుడు తల్లీకూతుళ్ళు ఊరికే కూర్చుంటారు. తర్వాత ఏమైందని గంగాలమ్మ అడగడం మానేసింది.