కాక వెనక చక్రం

కాక పోయాడని నాకు సాంచాల చప్పుడు ఆగడంతో తెలిసింది. గుజరాత్‌లో, భేస్తాన్ అనే చోట, బాపు ఆ సాంచాలు నడిపే మరమగ్గాల షెడ్డుకు ఆనుకునే మా ఇల్లు. కరెంటు ఉండగా, పట్టపగలు, ఆ చప్పుడు ఆగడం నేనెప్పుడూ ఎరగను. పుస్తకం పక్కన పెట్టి బయటికొచ్చేసరికి బాపు గడపలో నిలబడి చేతుల నూనె తుడుచుకుంటున్నాడు.

"మీ కాక పోయిండు బిడ్డా. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే," అన్నాడు.

గుండె చాలాకాలంగా బాగాలేదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ 'చాలాకాలం' అన్న మాట దగ్గరే నేనింకా ఆగిపోయి ఉన్నాను. ఆ కాలమంతా ప్రతి ఆదివారం నేను నా సైకిల్ మీద ఆయన సైకిల్ వెనకే ఉన్నాను.

కాక మా బాపుకు తమ్ముడు. గుజరాతీలకూ కాక అంటే కాకే కాబట్టి గల్లీ మొత్తానికీ ఆయన కాకే అయ్యాడు. సైకిల్ తొక్కడానికి వేసుకునే, ఒంటికి అతుక్కునే ఆ నల్లటి పొట్టి లాగులో గల్లీలో అందరూ ఆయన్ని చూసినవాళ్లే. "ఏం కాకా, లుంగీలు కరువైనయా?" అని షెడ్డువాళ్లు ఏడిపిస్తే, "గాలికీ లుంగీకీ పడదురా," అని నవ్వుకుంటూ పోయేవాడు.

చిన్నప్పుడు సైకిల్ మీద బట్ట తాన్లు వేసుకుని బజారుకు చేరవేసిన కాళ్లు ఆయనవి. ఆ కాళ్లను చూసే ఒక సర్కారు ఆఫీసువాళ్లు తమ సైకిల్ జట్టులోకి తీసుకున్నారు. మోకాలు చెడేదాకా ఆయన ఉద్యోగం సైకిల్ తొక్కడమే. రోడ్డు మీదా తొక్కాడు, గిన్నె లోపలి అంచులా వాలుగా ఉండే ట్రాక్ మీదా తొక్కాడు. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవు. భయం కాదా అంటే, "బ్రేకు లేనోడే ముందుగాల ఆలోచిస్తడు," అనేవాడు.

ట్రాక్ మీద నలుగురు ఒకే వరసలో తొక్కే పోటీ ఒకటుంది. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు, మిగతావాళ్లు ఆ చాటున కాస్త తేలిగ్గా వస్తారు. వంతు అయ్యాక ముందువాడు వాలు పైకి తప్పుకుని, మళ్లీ దిగి చివర చేరతాడు. జట్టులో మూడో మనిషి గీత దాటగానే టైం ఆపేస్తారు. అంటే నాలుగోవాడు చివరిదాకా రాకపోయినా ఫరవాలేదు. కాక ఆ నాలుగోవాడు. ఉన్న సత్తువంతా తన చివరి వంతులో పెట్టేసి, వాలు పైకి పోయి, మిగతా ముగ్గురు గీత దాటడం అక్కణ్ణుంచి చూసేవాడు.

"అట్ల మిగిలిపోతే ఎట్లుంటది కాకా?" అని అడిగాను ఒకసారి.

"టికెట్ లేకుండ బాల్కనీల సీన్మ చూసినట్టుంటది."

రోడ్డు పందేల్లోనూ అంతే. జట్టులో గెలవాల్సినవాడికి గాలి తగలకుండా ముందు తొక్కడం ఆయన పని. "పేపర్ల ఫోటో వచ్చింది, నువ్వేడున్నవ్ అంటే, ఫోటోకు జర అవతలున్న అంటుండె," అని ఆయన భార్య, మా చిన్నమ్మ, ఇప్పటికీ దెప్పుతుంది.

మా ఆదివారాలు మూడు సైకిళ్లవి. ముందు కాక, మధ్యలో నేను, చివర కాక దోస్తు, వరాఛాలో వజ్రాలు సానబట్టే భాయ్. డుమస్ బీచి దాకా సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. ఆ గాలిలో మాట వినబడదు కాబట్టి సైకిల్ తొక్కేవాళ్లకు ఒక పద్ధతుంది. ముందున్నవాడు మోచేయి ఒక్కసారి బయటికి ఆడిస్తే, నా వంతు అయింది, నువ్వు రా అని అర్థం. కాక ఆడించేవాడు. నేను తల దించుకుని ఆయన వెనక చక్రాన్నే చూస్తుండేదాన్ని. కాసేపటికి భాయ్ నన్ను దాటి ముందుకు పోతూ, "క్యా బేటా, ఆజ్ భీ ఏసీ డబ్బా?" అని, ఇవాళా చల్లగా మా చాటునే ప్రయాణమా అన్నట్టు నవ్వేవాడు.

ముందున్నవాళ్లే వేగం ఎంచాలి, గుంతలు చూడాలి. నేనొక్క గుంత చూడకపోతే వెనక ఇద్దరి పళ్లూ రాలతాయని నాకు దడ. కాకకు అది తెలుసు.

"నీ భయం గాలికి కాదు బిడ్డా, ఎనకోళ్ల బరువుకు. అది మంచి భయమే. అయినా జర మొయ్యాలె."

"వచ్చే ఆదివారం కాకా."

"సరే తీ. గాలి ఏడికి పోతది?"

ఈ మధ్య డుమస్ చేరగానే ఆయన సైకిల్ దిగకుండా హ్యాండిల్ మీద వాలి చాలాసేపు ఉండేవాడు. టమాటా భజియాలు సగం తిని పళ్లెం నా వైపు తోసేవాడు. అవీ నేనే తినేదాన్ని.

నా వంతు గాలి కూడా కాకే మోశాడని దినాలయ్యాక చిన్నమ్మతో అన్నాను. ఆమె ఆయన సైకిల్ నీళ్ల సీసా కడుగుతోంది.

"నువ్వు ముందటికి పోతే బతుకుతుండెనా? దవాఖానకు పోదాం పా అని నేను మొత్తుకుంటే, సైకిల్‌కు గాలి కొట్టుకుంట కూసున్నడు. ఎవరి మాట ఇన్నడు గనక?" అంది. సీసా బోర్లించి మెల్లగా అంది. "ఒక్కపారన్న పోవాల్సుండె బిడ్డా. సంబురపడుతుండె."

మొన్న ఆదివారం భాయ్ ఎప్పటి చోటనే నిలబడి ఉన్నాడు. ఇద్దరం బయల్దేరాం. ఆయన నా వెనకే ఉండిపోయాడు, ముందుకు రాలేదు. ముందు ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది గాలి ఎంత బరువో. పళ్లు బిగబట్టి తొక్కాను. తొడలు మండాయి. అలాగే సముద్రం దాకా లాగేస్తే కాక బాకీ కొంతైనా తీరుతుందనిపించింది. కానీ కాక ఇంకో మాట కూడా చెప్పాడు. "ముందట్నే ఉండిపోవుడు గూడ దొంగతనమే. ఎనకోని వంతు గుంజుకున్నట్టు."

మోచేయి ఆడించాను. జీవితంలో మొదటిసారి. పక్కకు తప్పుకున్నాను. భాయ్ ముందుకు పోయాడు, నేను వెనక చేరాను.

కాసేపటికి ఆయన తిరిగి చూసి, అంత దూరంలో ఉంటే గాలి కొడుతుందని అరిచాడు. "అరే బేటా, ఇత్నీ దూర్ క్యోఁ? హవా లగేగీ!"

అప్పుడు చూశాను. ఆయన వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ నడుమ, సరిగ్గా ఒక సైకిల్ పట్టేంత జాగా వదిలి తొక్కుతున్నాను. ఆ జాగాలోంచి గాలి సూటిగా వచ్చి మొహానికి కొడుతోంది. డుమస్ వచ్చేదాకా నేను దగ్గరికి జరగలేదు.