గుచ్చి చూశానన్న మాట

మెత్తటి నేలలో పడ్డ బండిని లేపడానికి కావలసింది బలం కాదు, ఓపిక అనేవాడు దిమ్మల మేస్త్రి. బోల్తా పడ్డ భారీ లారీలను లేపి రోడ్డెక్కించడమే ఇరవై ఆరేళ్లుగా అతని పని. క్రేను కాళ్ల కింద చెక్క దిమ్మలు పేర్చనిదే ఎవరినీ పని మొదలుపెట్టనిచ్చేవాడు కాదు కాబట్టి, అతను పనిచేసే క్రేన్ల యార్డులో ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో కుర్చీ ఎక్కి పై అరలో డబ్బా తీయబోతే భార్య కూడా ఊరుకునేది కాదు. "ఆగండాగండి, కింద దిమ్మలు పెట్టొద్దూ?" అని ఆటపట్టించేది.

క్రేను నడిపేవాడు అతని తోడల్లుడు. అక్కను మేస్త్రి చేసుకుంటే, చెల్లెల్ని అతను చేసుకున్నాడు. ఆ పని నేర్పిందీ, యార్డులో పెట్టించిందీ మేస్త్రే. పద్దెనిమిదేళ్లు కలిసి పనిచేశారు. ఇళ్లు కూడా పక్కపక్కనే, మధ్య గోడ ఒక్కటే. ఈ వంటింట్లో మిరపకాయలు వేయిస్తే ఆ వంటింట్లో తుమ్మేవారు.

మూడు రోజులు ముసురు పట్టి వదిలిన ఒక ఉదయం యార్డుకు ఫోను వచ్చింది. బాయిలరు డ్రమ్ము మోసుకుపోతున్న పెద్ద ట్రైలరు ఒకటి, ఎదురొచ్చిన బస్సుకు దారివ్వబోయి రోడ్డంచు దిగి, ఎడమ పక్కకు ఒరిగి పడుకుంది. వీళ్లు వెళ్లేసరికి దాని డ్రైవరు మోచేయి గీరుకుపోయి, కాలువ తూము గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "నా బండి బతుకుతుందా?" అన్నది అతని మొదటి ప్రశ్న. "నువ్వు బతికావుగా, దాని సంగతి నాకొదిలెయ్" అన్నాడు మేస్త్రి.

ముందు డీజిలు తోడించాడు. గొలుసులు విప్పించి, క్రేనును రోడ్డు మీదే నిలిపి డ్రమ్మును వేరే బండి మీదికి ఎత్తించాడు. తర్వాత ట్రైలరు కిందికి పైపులు తోయించి గాలి కొట్టించాడు. బురదలోంచి కప్పల గురకలా బుడగలు లేచాయి. "బురద పడ్డదాన్ని ఊరికే వదలదు, పీల్చి పట్టుకుంటుంది. ఆ పట్టు విడిపించకుండా లాగామనుకో, నీ బండి రెండు ముక్కలవుతుంది" అని డ్రైవరుకు చెప్పాడు.

ట్రైలరును తిప్పి నిలబెట్టాలంటే మాత్రం క్రేను రోడ్డు దిగాలి. దిగి, నాలుగు కాళ్లు చాచి నిలబడాలి. ప్రతి కాలి కిందా ఇనుప కడ్డీ గుచ్చి చూడటం మేస్త్రి పద్ధతి. కడ్డీ మోకాలి లోతు దాటి దిగితే మరో రెండు వరుసలు దిమ్మలు పడాలి. మూడు చోట్ల తనే చూశాడు. నాలుగోది కాలువ వైపు కాలు. అంతలో ట్రైలరుకు చుట్టిన బెల్టు ఇరుక్కుందని అవతలి నుంచి ఎవరో కేక వేస్తే, కడ్డీ తోడల్లుడి చేతికిచ్చి వెళ్లాడు. యార్డు మేనేజరు కూడా అక్కడే, చెవి దగ్గర ఫోను దించకుండా నిలబడి ఉన్నాడు.

మేస్త్రి తిరిగొచ్చి అడిగాడు.

"గుచ్చావా?"

"గుచ్చానన్నా. రాయిలా ఉంది."

మళ్లీ అడగలేదు. అడిగితే తోడల్లుడిని చిన్నబుచ్చినట్టవుతుందనుకున్నాడు.

తోడల్లుడు క్రేనెక్కాక, ఎత్తమని చెయ్యి ఊపాడు. క్రేను మూలిగింది. ట్రైలరు పక్క మనిషెత్తు లేచింది. అప్పుడు కాలువ వైపు కాలు, దిమ్మతో సహా, నీళ్లలో చెంచా మునిగినట్టు దిగిపోయింది. క్రేను ఒరిగింది. తోడల్లుడు చటుక్కున బరువు దించేశాడు కాబట్టి క్రేను పడలేదు. కానీ వదులైన బెల్టు కొక్కెం ఊగి వచ్చి మేస్త్రి కుడి మోకాలిని కొట్టింది.

ఆసుపత్రిలో ఐదు వారాలున్నాడు. తోడల్లుడు ఒక్క సాయంత్రం తప్పకుండా వచ్చేవాడు. గడ్డం గీసేవాడు. కట్టు లోపల దురద పెడుతుందంటే స్కేలు దూర్చి గోకేవాడు. పక్క మంచం ముసలాయన, "సొంత తమ్ముడా?" అని అడిగితే మేస్త్రి, "అంతకంటే ఎక్కువ" అన్నాడు. ఒకరోజు తోడల్లుడు కళ్లనీళ్లు పెట్టుకుంటే తనే ఓదార్చాడు. "నీ తప్పేముందిరా? పైన రాయిలా ఉండి లోపల మెత్తగా ఉండే నేలలుంటాయి. నేల మోసం చేసింది."

ఐదో వారం చివర, ఇంటికి పంపే ముందు, ప్రమాదం మీద విచారణకు వేసిన అధికారి ఫైలు పట్టుకుని వచ్చాడు. మేస్త్రి మాట కూడా రాసుకోవాలట. రాసుకునే ముందు, అప్పటికే ఉన్న వాంగ్మూలం ఒకటి చదివి వినిపించాడు. "కాలువ వైపు నేల మెత్తగా ఉందని నేను చెప్పినా వినకుండా మేస్త్రి ఎత్తమన్నాడు." కింద తోడల్లుడి సంతకం. తేదీ చూపించమన్నాడు మేస్త్రి. ప్రమాదం జరిగిన మర్నాటిది.

అంటే సంతకం పెట్టిన చేత్తోనే అన్ని సాయంత్రాలూ గడ్డం గీశాడు. తడిగుడ్డతో గొంతు కోయడమనే మాట మేస్త్రి చాలాసార్లు విన్నాడు, వాడాడు కూడా. అది ఇంత మెత్తగా ఉంటుందని మాత్రం తెలియదు.

ఆ సాయంత్రం తోడల్లుడు ఎప్పటిలాగే వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చోబోతుంటే మేస్త్రి అడిగాడు.

"కడ్డీ ఎంత లోతు దిగింది?"

తోడల్లుడు సగం కూర్చుని ఆగిపోయాడు. "నడుము దాకా" అన్నాడు.

"మరి రాయిలా ఉందన్నావే."

"మేనేజరు చెప్పొద్దన్నాడన్నా. నీకు చెబితే మళ్లీ దిమ్మలంటావు, సాయంత్రమవుతుందన్నాడు. రోడ్డు తెరవమని పైనుంచి ఒకటే ఫోన్లు. ఒక్క వరుస చాల్లే అన్నాడు."

"సరే, అది భయం అనుకుంటాను. ఈ సంతకమో?"

"నువ్వింక క్రేను పక్కన నిలబడలేవని డాక్టరు ఆ రోజే చెప్పాడన్నా. ఎలాగూ నీ పని పోతుంది. ఇద్దరం పోవడమెందుకు అనుకున్నాను. ఒక్కరన్నా ఉంటే రెండిళ్లకీ ఆసరా అని..."

"నా కాలు పోతే నా పేరు కూడా నీదయిపోయిందా?" అన్నాడు మేస్త్రి. గొంతు పెంచలేదు. "రేపట్నించి రాకు."

విచారణకు వెళ్లొద్దని భార్య బతిమాలింది. "మా చెల్లి మొహం చూసైనా ఊరుకోండి."

"నీ చెల్లెలి మొహం చూసే కదా వాడికి పని నేర్పాను. ఇప్పుడు ఒక్కసారి నా మొహం చూడు" అన్నాడు. ఆమె చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది.

చేతికర్రల మీద వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. సాక్ష్యం ఉందా అంటే, తూము మీద కూర్చున్న ట్రైలరు డ్రైవరు ఉన్నాడన్నాడు. ఆ డ్రైవరు ఒక రోజంతా ప్రయాణం చేసి వచ్చాడు. "గుచ్చావా అని ఈయన అడగడం విన్నాను. రాయిలా ఉందని ఆయన చెప్పడం విన్నాను. నా బండి కాబట్టి చెవులు అక్కడే పెట్టుకున్నాను" అన్నాడు. ఏ చుట్టరికమూ లేని మనిషి.

ఆఖరికి, బాధ్యత ఫలానా వారిదని తేల్చలేకపోయామని రాసి ఫైలు మూశారు. మేస్త్రి మీద మచ్చ పోయింది గానీ పని తిరిగి రాలేదు. అతని స్థానంలో తోడల్లుణ్ణే కూర్చోబెట్టారు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం మరదలు వచ్చింది. ఎప్పుడూ పెరటి తలుపు తోసుకుని వచ్చే మనిషి, వీధి తలుపు తట్టి నిలబడింది.

"బావా, మీరే మొండికేశారని మా ఆయన నాతో కూడా చెప్పాడు. నేను నమ్మి నలుగురికీ చెప్పాను. విచారణలో ఆ డ్రైవరు ఏం చెప్పాడో నిన్ననే తెలిసింది. ఇవాళ పొద్దున్నుంచీ వాళ్ల ఇళ్లకు వెళ్లి, కాదు, నేను చెప్పింది అబద్ధం అని చెప్పొస్తున్నాను. అందరూ అయ్యారు. మీరే మిగిలారు."

మేస్త్రి, "ఎండన పడి వచ్చావు, లోపలికి రామ్మా" అన్నాడు. అక్క మంచినీళ్లు తెచ్చింది. ముగ్గురూ తోడల్లుడి ఊసెత్తకుండానే సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆమె రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. తోడల్లుడు మాత్రం ఆ గడప తొక్కలేదు, ఇతను రమ్మననూ లేదు.

ఇప్పుడు మేస్త్రి ఇంకో యార్డులో, బండి పడ్డ చోటికి వెళ్లి నేల చూసిచెప్పే పని చేస్తున్నాడు. మంచి పేరే వచ్చింది. కానీ ఎవరేం చెప్పినా తన కళ్లతో చూసుకుంటే తప్ప నమ్మలేడు. పడుకోబోతూ గ్యాసు కట్టేశావా అని భార్యను అడుగుతాడు. కట్టేశానంటుంది. అబద్ధం చెప్పే మనిషి కాదని ముప్ఫై ఏళ్లుగా తెలుసు. అయినా కర్ర అందుకుని, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్లి చూసి వస్తాడు. అలా లేచి వెళ్లడం అతనికే సిగ్గుగా ఉంటుంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది.