సముద్రాన్ని సరిదిద్దిన మా బావ

మా బావ సముద్రానికి మేష్టారు. ఇది నా మాట కాదు, ఆయన మాటే. రేవు గట్టు చివర ఒక రేకుల గది. అందులోంచి నీళ్లలోకి దిగిన ఇనుప గొట్టం, గొట్టంలో తేలే బుడ్డి, బుడ్డికి కట్టిన తీగ, తీగ కదిలినప్పుడల్లా కాగితం మీద గీత గీసే పెన్ను. ఆటుపోట్లను కొలిచే ఈ మీటరుకు కాపలా ఉండటమే ఆయన ఉద్యోగం. ఆ పని కోతి కూడా చేయగలదు. కాకపోతే కోతి ఇన్ని కోతలు కోయదు.

నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను. అప్పట్నుంచీ తిట్టడానికి మనిషి దొరక్క మా లెక్కల మేష్టారు మంచం పట్టాడు. అంతటి నాకే బావ గొప్పలు వింటే ఆయాసం వచ్చేది.

"నా గీత చూశావురా? అచ్చు పట్టికలో ఉన్నట్టే ఉంటుంది. అవతలి రేవువాడి గీత చూడు, తాగుబోతు నడక!" అనేవాడు. ఏ రోజు పోటు ఎంత ఎత్తు వస్తుందో ముందే లెక్కకట్టి ఆఫీసు పంచే పట్టిక అది. బావకు అదే వేదం.

మా రేవు వెనకే పొగ కక్కే కొండ ఉంది. సముద్రం అందరికీ ఒక్కటే కదా. రెండు రేవుల్లోనూ నీళ్లు తగ్గితే తగ్గింది సముద్రం. మా రేవులో మాత్రమే తగ్గితే, ఇక్కడ నేల పైకి లేచిందన్నమాట. అంటే కొండ కడుపు ఉబ్బుతోందన్నమాట. రెండు చోట్ల మీటర్లు పెట్టింది అందుకే. గోడ మీద కూర్చుని వేరుశనక్కాయలు తినే నాకే అర్థమైంది ఇది. జీతం తీసుకునే బావకు మాత్రం తలకెక్కలేదు.

ఆ ఏడు రేవు ఆఫీసులో పెద్ద పోస్టు ఖాళీ అయింది. అప్పుడే కొండవాలు వీధిలో గోడలు బీటలు తీశాయి. మా అక్కా బావల కాపురం ఆ వీధిలోనే.

"ఏమండీ, వంటింటి తలుపు పడటం లేదు. ఇల్లు కదులుతోందండీ. పదండి, ఎక్కడికైనా పోదాం" అంది అక్క.

"కదిలింది ఇల్లు కాదే, నీ బుర్ర. నా మీటరు చెప్పిందా? లేదు. మరి నా పెళ్లామే మూటాముల్లే సర్దితే నాకు పోస్టెవడిస్తాడు?"

వీధి ఖాళీ చేయించాలో వద్దో తేల్చడానికి పెద్దాఫీసరమ్మ వచ్చింది. రేకుల గదిలో బల్ల మీద రెండు రేవుల కాగితాలూ పక్కపక్కనే పరిచింది. అక్క గుమ్మంలో నిలబడి చీర కొంగు మెలితిప్పుతోంది.

"అవతలి రేవులో ఏ మార్పూ లేదు. ఇక్కడా లేదు. నేల లేవలేదు. ఖాళీ అక్కర్లేదని రాసేస్తాను" అంది ఆఫీసరమ్మ.

అక్క మొహం పాలిపోయింది. నాకు బావను గిల్లాలనిపించింది.

"అంతా మా బావ చలవేనండీ. ఆయన కసిరితే సముద్రం కిమ్మనదు!"

"ఆయన చలవేముంది? మీటరు దానంతటదే నడుస్తుంది" అందామె తలెత్తకుండా.

అంతే, బావకు తోక తొక్కినట్టయింది. "దానంతటదా! ముసలి మీటరండీ, వదిలేస్తే రోజూ కిందికే జారుతుంది. పొద్దున్నే మర తిప్పి గీతను పట్టికకు సరిపెట్టేది నేను! వేలెడు తేడా రానివ్వలేదు!"

ఆఫీసరమ్మ పెన్ను ఆగిపోయింది. "ఎప్పట్నుంచి జారుతోంది?"

"వానలు మొదలైనప్పట్నుంచీ. ఈమధ్య మరీ ఎక్కువైంది. అయినా నేను వదులుతానా!"

ఆమె బావకేసి చూసిన చూపు కుళ్లిన చేప మీద కూడా ఎవరూ వేయరు. ఫోనందుకుని, కొండవాలు వీధిని వెంటనే ఖాళీ చేయించమంది. బావ ఇంకా మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. అక్క అప్పటికే ఇంటికి పరిగెత్తింది.

ఆ వారమే కొండ పగిలింది. ఏనుగంత రాయొకటి అక్క మంచం మీద దర్జాగా పడుకుంది. వీధిలో మనుషులెవరూ లేరు కాబట్టి ఎవరికీ గీత కూడా పడలేదు.

పోస్టు అవతలి రేవు తాగుబోతు గీతవాడికి పోయింది. వీధివాళ్లందరినీ దింపిన బడి వరండాలో బావ జనాన్ని పోగేసి, "ఆ రోజు నేను నోరు విప్పబట్టే మీరంతా బతికారు" అని చెబుతున్నాడు.

అది అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజం కావడమే నా ఖర్మ.