అబ్బా నుదుటి బుడిపె

మొన్న వనపర్తిలో మా చెల్లెలికి తల స్కానింగ్ చేయించి బయట బల్ల మీద కూర్చున్నామో లేదో, భయపడాల్సిందేమీ లేదని ఫలితం ఫోనులోకే వచ్చేసింది. దాంతోపాటే వచ్చిన తెల్లటి పుర్రె బొమ్మ చూడగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు.

ఆయన్ని మేము అబ్బా అనేవాళ్లం. గాజుల మలారం మూట భుజాన వేసుకుని, అమ్ముకోవడానికి గద్వాల నుంచి గట్టు ఊరి వారపు అంగడికి వెళ్లేవారు. ఆయన నుదుటి నడుమ ఉసిరికాయంత బుడిపె ఉండేది. ఐదు పూటలా నమాజులో నుదురు నేలకానించే మనిషి కదా, అది నమాజు మచ్చేనని ఊరంతా నమ్మింది, మేమూ నమ్మాము. రైతు ఇళ్ల ఆడవాళ్లు దిష్టి తగిలిన పిల్లలను ఎత్తుకొచ్చి, దువా చదివి ఊదమని ఆయన చుట్టూ మూగేవారు. ఆ బుడిపెను చూసుకుని మాకూ కాస్త గర్వంగానే ఉండేది. రోగమని ఎవరికి తడుతుంది?

అది పెరిగి పెరిగి, నుదురు నేలకానిస్తే నొప్పితో కళ్లు తిరిగే దాకా వచ్చాక గాని హైదరాబాదు పెద్ద దవాఖానకు పోలేదు. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూసి, ఇది పుర్రె మీదే పెరిగిన ఎముక గడ్డ అని, అరుదుగా వస్తుందని, చూడబోతే క్యాన్సర్ కాదని, నమాజుకూ దీనికీ సంబంధమే లేదని, నొప్పి లేకుంటే వదిలేయొచ్చని చెప్పారు. మా అమ్మీ ఊపిరి పీల్చుకుంది గాని అబ్బా ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్లూ జనం దండం పెట్టింది ఒక ఉత్త ఎముకకా అని లోలోపల కుమిలిపోయారు. తీయించుకుంటే ఇక అంగడిలో తనను ఎవరు పలకరిస్తారన్న బెంగ, ఉంచుకుంటే నుదురు నేలకానదు. కొన్నాళ్లు ఊగిసలాడి, చివరికి తీసేయమన్నారు. ఉలితో చెక్కి తీశారు. ముక్కను పరీక్షకు పంపితే ప్రమాదం లేనిదేనని తేలింది.

కట్టు విప్పాక తొలి అంగడికి నేనూ వెంట వెళ్లాను. ఎప్పుడూ వచ్చే రైతు కోడలొకామె, ఏడుస్తున్న పసివాణ్ని అబ్బా ముందుకు చాపింది. అబ్బా తల వంచుకుని, "గది నమాజు మచ్చ గాదంట బిడ్డా, ఉత్త ఎముకనంట. కోసేసిండ్రు" అన్నారు.

"నోరు కోయలే గద మామా, జర ఊదు" అందామె.

అబ్బా ఊదారు.

ఇప్పుడు ఏది రోగమో, ఏది కాదో కూర్చున్న చోటే తేలిపోతోంది. మంచిదే, అప్పుడే ఇలా ఉండుంటే అబ్బా అన్నేళ్లు దాన్ని మోయనక్కరలేకపోయేది. అయినా, భయం లేదని ఫోను చెప్పాక కూడా, గద్వాల బస్సులో మా చెల్లెలు తల నా వైపు వంచి, అబ్బాలాగా ఒకసారి ఊదమంది. ఊదాను. అది అబ్బా ఊదినట్టు లేదని ఇద్దరికీ తెలుసు.