డాక్టరమ్మ చెయ్యి తడిసిన రోజు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో దిగినవాళ్లని ఏం చదివావని ఎవరూ అడిగేవారు కారు, ఏ కోర్సులో చేరావని అడిగేవారు. అంతకుముందు చదివినదంతా ఊళ్లో బస్సెక్కేటప్పుడే వదిలేసి రావలసిన సామాను. నేను మాత్రం వదల్లేక పెట్టె అడుగున పెట్టుకుని తెచ్చుకున్నాను. అది నా ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు, ‘మంచినీటి క్రేఫిష్‌లలో ప్రత్యుత్పత్తి చక్రం, బీజకోశాల వికాసం’. (క్రేఫిష్ అంటే తెలియనివాళ్లు పీతకుండే డెక్కలు తగిలించిన పెద్ద రొయ్యని ఊహించుకోండి, చాలు. మన ఏరుల్లో ఉండదు.) అండాశయం మొదట తెల్లగా ఉండి, మీగడ రంగుకీ, నారింజకీ తిరిగి, గుడ్లు పెట్టే వేళకి ముదురాకుపచ్చగా మారుతుందని అందులో నాలుగు పేజీల నిండా రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేశాను. నిజానికి మా ల్యాబులో సీసాలో ఉన్నవన్నీ ఫార్మలిన్‌లో నాని బూడిదరంగుకి తిరిగిపోయినవే. రంగులు పుస్తకంలోంచి ఎత్తాను. ఈ సంగతి మా గైడుగారికి ఇవాళే తెలుస్తోంది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసులో నా చోటు చిట్టచివరి బెంచీ. సారు "అర్థమైందా?" అనగానే అందరికంటే ముందు తలూపేదాన్ని, ఎందుకంటే ఊపకపోతే ఏం అర్థం కాలేదో చెప్పమంటారని భయం. ఊళ్లో యూనివర్సిటీ ఫస్టుగా తిరిగిన మనిషికి ఇక్కడ అన్నీ సున్నాలే. ఓ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి, పంజాగుట్ట దాకా నడిచి, ఎండకి తాళలేక ఒక అక్వేరియం షాపులో దూరాను. అక్కడ ఓ తొట్టిలో నీలంగా, మీసాలు ఆడిస్తూ, నేను రెండేళ్లు చదివిన ప్రాణి. బతికున్నదాన్ని చూడటం నాకదే మొదటిసారి.

"గది బ్లూ లాబ్‌స్టరమ్మా. జర దూరముండు, పట్టుకుంటది" అన్నాడు షాపతను.

"లాబ్‌స్టర్ కాదండీ, క్రేఫిష్. డెక్క బయటి అంచున ఎర్ర మచ్చ ఉంది చూడండి, అంటే మగది" అన్నాను, నోరు ఊరుకోక.

"అరె, నీకు మస్తు తెల్సే! ఏం చదివినవమ్మా?"

హైదరాబాదులో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. నిలబడి గంటసేపు చెప్పాను. మర్నాటి నుంచి నాకక్కడ ఒక స్టూలు, ‘డాక్టరమ్మ’ అనే పేరు. ఎవరొచ్చినా "మా డాక్టరమ్మను అడగండ్రి" అనేవాడు షాపన్న. నేను తొట్టికి అడుగు దూరంలో కూర్చుని, మచ్చ ఉంటే మగ, లేకపోతే ఆడ అని తేల్చేసి చీటీలు అంటించేదాన్ని. క్లాసులో ఎంత సున్నా అయినా సాయంత్రానికి డాక్టరమ్మనయ్యేదాన్ని. ఆ పేరే లేకపోతే నేను రెండో వారమే ఊరెళ్లిపోయేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఒక ఆదివారం, సెలవు రోజున కూడా మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేసుకున్న ఒకాయన వచ్చాడు. "మా పాప వీటి పిల్లల్ని చూడాలంటుందండీ. జంటేనా?" అన్నాడు. "నూటికి నూరుపాళ్లండీ" అని మచ్చ ఉన్నదొకటి, లేని చిన్నదొకటి చూపించాను. నెలన్నరకి ఆ ఐడీ కార్డు సారే బకెట్టుతో తిరిగొచ్చాడు. "ఏంటి మేడమ్ గారూ, మీ ఆడదానికి ఎర్ర మచ్చ వచ్చిందండీ. రెండూ కొట్టుకుని ఒకదాని డెక్క ఊడింది. పాపేమో రోజూ పొద్దున్నే లేచి గుడ్లు పెట్టిందా అని అడుగుతోంది."

మగదానికైనా ఈడు వచ్చాకే ఆ మచ్చ వస్తుంది. నా ప్రాజెక్టులోనే ఆ వాక్యం ఉంది, కింద గీత గీసి మరీ. చిన్నవాటిని చేత్తో పట్టుకుని, వెల్లకిలా తిప్పి, కాళ్ల మొదట్లో చూస్తేగాని చెప్పలేం. ఆ పని నేను ఒక్కసారి కూడా చెయ్యలేదు. నేను నోరు తెరిచేలోపే షాపన్న అందుకున్నాడు. "తప్పు నాదే సార్. నేనే తొట్టి మార్చి ఇచ్చిన. జర గంటాగి రండ్రి, పక్కా జోడి ఇస్త."

ఆయన అటు వెళ్లగానే అడిగాను. "అన్నా, అబద్ధం ఎందుకు చెప్పారు?"

"నీదే తప్పంటే రేపటిసంది నువ్వొస్తవా?"

రానని ఇద్దరికీ తెలుసు. "అన్నా, నాకు దాన్ని పట్టుకోవడం భయం. ల్యాబులో అన్నీ చచ్చినవే" అన్నాను.

"తెల్సు తల్లీ. ఇన్నొద్దులల్ల నీ చెయ్యి ఒక్కపారి సుత తడవలే. ఫికర్ జెయ్యకు, ఎన్కకెల్లి నడుం కాడ పట్టుకో."

మొదటిసారి ముట్టుకోకముందే అరిచాను. రెండోసారి అది నా చూపుడువేలు పట్టుకుంది, నేనేం అరిచానో పక్కన బట్టల షాపువాళ్లు కూడా వచ్చి చూశారు. మూడోసారి దొరికింది. తిప్పాను. కాళ్లన్నీ గాలిలో కొట్టుకుంటుంటే లెక్కపెట్టాను. డెక్కలతో కలిపి మూడో జత కాళ్ల మొదట్లో, నేను పెన్సిలుతో వేసినచోటే, రెండు చిన్న గుండ్రటి రంధ్రాలు. ఆడది. నాకు ఏడుపొచ్చింది. నొప్పికనుకుని షాపన్న ఎక్కణ్నుంచో పసుపు తెచ్చాడు. తర్వాత ఒక్కోదాన్నీ తిప్పి చూస్తే, ‘ఆడవి’ అని నేను చీటీ అంటించిన తొట్టిలో సగానికి పైగా మగరాయుళ్లే.

గంటకి ఐడీ కార్డు సారు వచ్చాడు. "తప్పు షాపన్నది కాదండీ, నాది. చూడకుండా చెప్పాను" అన్నాను. ఆయన నన్నూ, షాపన్ననీ మార్చి మార్చి చూసి, "మరిప్పుడు?" అన్నాడు. పసుపు పూసిన వేలు చూపించి, "ఇప్పుడు చూసి చెబుతున్నానండీ" అన్నాను. నవ్వి, బకెట్టు ముందుకి జరిపాడు.

ఎండాకాలం మొదలయ్యాక ఆయన పాపని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఆంటీ, గుడ్లు తోక కింద దాచుకుంది, ఆకుపచ్చగా ఉన్నాయి!" అంది పాప, చేతులు మడిచి చూపిస్తూ. పుస్తకంలోంచి ఎత్తిన రంగు నిజమేనన్నమాట. "నేను జెప్పలే సార్, మా డాక్టరమ్మ!" అన్నాడు షాపన్న. ఆ పేరు నాదేనని మొదటిసారి అనిపించింది.

ఆ తర్వాత నేను టెస్టరునయ్యాను, ఇప్పుడు నా కింద కొందరు టెస్టర్లు. ‘అంతా ఓకే మేడమ్’ అని వచ్చినవాళ్లని "తిప్పి చూశావా?" అని అడుగుతాను. అదేదో టెస్టింగు పద్ధతి పేరనుకుని కొత్తవాళ్లు డైరీలో రాసుకుంటారు, నేనూ వద్దనను. పంజాగుట్టలో ఆ షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మొన్న చేపల మార్కెట్టులో బతికున్న పీతలు కొంటూ, "ఇది ఆడదమ్మా, చూస్కోండి" అని అమ్మేవాడు అంటే, బుట్టలోకి చెయ్యి పెట్టబోయి ఒక్క క్షణం ఆగాను. ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదు. తెలిసినవాళ్లెవరూ లేరని అటూ ఇటూ చూసుకుని, వెనక నుంచి పట్టుకుని, తిప్పాను.